అమ్మమ్మ నానుతాడు కంకణంగా మారిన తొమ్మిది నెలలు: నా అనుభవం

2024 డిసెంబరు 28న తెనాలిలో అమ్మ మా అమ్మమ్మ నానుతాడును, అంటే మంగళసూత్రాలు వేలాడే బంగారపు తాడును, నా చేతిలో పెట్టింది. అది మూడు చోట్ల తెగి ఉంది, తెగిన చోటల్లా ఎర్రదారంతో ముడివేసి ఉంది. సూత్రాలు అమ్మ దగ్గరే ఉన్నాయి, నాకిచ్చింది తాడు మాత్రమే. "కరిగించి నీకు నచ్చింది చేయించుకోవే, బీరువాలో పడి ఉంటే ఎవరికి లాభం?" అంది. ఆ బంగారం 2025 అక్టోబరు 18న, చేతితో అల్లిన కంకణమై సియాటిల్‌లో తిరిగి నా చేతికి వచ్చింది. ఈ మధ్య కాలంలో ఏమేం జరిగిందో, ఎంత ఖర్చయిందో, ఎక్కడెక్కడ ఆగిపోయామో వరుసగా రాస్తున్నాను. పాత బంగారాన్ని ఇలా ఒక కళాకారిణి చేత అల్లించుకోవాలనుకున్నప్పుడు, ముందే చదివి తెలుసుకోవడానికి తెలుగులో నాకు ఏమీ దొరకలేదు.

అల్లిన బంగారం మీద మనసు పడటానికి కారణం పాతది. నేను అమెరికాకు కొత్తగా వచ్చిన 2012లో, సియాటిల్ పక్కనే ఉన్న బెల్‌వ్యూ ఆర్ట్స్ మ్యూజియంలో మేరీ లీ హూ నగల ప్రదర్శన జరిగింది. ఆవిడ 1980 నుంచి 2006 దాకా సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లోహకళ బోధించారు. మేదరులు బుట్ట అల్లినట్టు, రెండేసి సన్నని బంగారు తీగలను మెలివేస్తూ నిలువు తీగల మధ్యనుంచి నడిపి, మెడలో వేసుకునే కంటెలు అల్లుతారు. అప్పట్లో నాకు ఉద్యోగం లేదు, పని అనుమతి కూడా లేదు, అందుకే ఆ అద్దాల పెట్టెల ముందు నిలబడటానికి కావలసినంత సమయం ఉండేది. రాయి లేదు, మీనాకారీ లేదు, కేవలం తీగ. అయినా వెలుతురు పట్టుబట్ట మీద జారినట్టు ఆ బంగారం మీద జారేది. ఆ మ్యూజియం 2024 సెప్టెంబరులో మూతపడిందని విన్నప్పుడు నాకు ఆ కంటెలే గుర్తుకొచ్చాయి, ఆ తర్వాత మూడు నెలలకే నానుతాడు నా చేతికి వచ్చింది. ఆవిడ పని కొనగలిగే స్తోమత నాకు లేదు గానీ, అదే పద్ధతిలో పనిచేసే మరొక కళాకారిణి సియాటిల్ దక్షిణ భాగంలో ఒక పాత గిడ్డంగి మేడ మీద ఉంటారని స్నేహితురాలి ద్వారా తెలిసింది. ఆవిడ కోరిక మేరకు పేరు రాయడం లేదు.

మొదటిసారి 2025 జనవరి 18, శనివారం నాడు కలిశాను. అరగంటలో ముగుస్తుందనుకున్న మాట రెండు గంటలు సాగింది. నేను డబ్బీలోంచి నానుతాడు తీసి బల్ల మీద పెట్టగానే, ఆవిడ కంటికి చిన్న భూతద్దం తగిలించుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇది ఎవరు అల్లారు?" అని అడిగారు. అల్లడమేమిటి, ఇది గొలుసు కదా అన్నాను. ఆవిడ భూతద్దం నా చేతికిచ్చి చూడమన్నారు.

అమ్మమ్మ మెడలో, ఆ తర్వాత బీరువాలో అన్నేళ్లు చూసిన వస్తువును నేను ఆ రోజే నిజంగా చూశాను. ఒక్కొక్క ఉంగరాన్ని నిలువుగా సాగదీసి, నడిమికి వంచి, ముందున్న రెండు ఉంగరాల కొసల్లోంచి దూర్చుకుంటూ పోయారు. ఆవిడ సూది మొనతో లెక్కపెడితే ఒక అంగుళానికి 17 వరుసలు వచ్చాయి. దానికి పెద్ద యంత్రమేమీ అక్కరలేదనీ, తీగ, మంట, సూది లాంటి మొన ఉంటే చాలనీ, మెసొపొటేమియాలోని ఊర్ రాజ సమాధుల్లో దొరికిన నాలుగున్నర వేల ఏళ్ల నాటి గొలుసుల్లోనూ ఈ జాతి అల్లికే ఉందనీ ఆవిడ చెప్పారు. నేను అల్లిన బంగారం కావాలని వెతుక్కుంటూ వెళ్లి, అల్లిన బంగారాన్నే కరిగించమని ఆవిడ ముందు పెట్టాను. ఆ మాట ఆవిడ అనలేదు, నాకే తట్టింది, తట్టాక గొంతు పట్టేసింది.

ఇంకొక సంగతి కూడా ఆవిడే చూశారు. మధ్యలో ఒకచోట నాలుగైదు ఉంగరాలు నొక్కుకుపోయి, వాటి మీద చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. పనిముట్టు గుర్తులు కావవి, ఇవేమిటని అడిగారు. నాకు తెలియదు. ఇంటికి వచ్చి అమ్మకు ఫోన్ చేసి అడిగితే అమ్మ నవ్వింది. "నాకు పళ్లొచ్చేటప్పుడు ఒళ్లో కూర్చుని కొరికేదాన్నంట. ఎన్నిసార్లు లాగేసినా మళ్లీ నోట్లో పెట్టుకునేదాన్నని అమ్మ చెప్పేది" అంది. ఆ తాడు చేసిన కంసాలి గురించి కూడా అప్పుడే అడిగాను. ఆయన పేరు అమ్మకు తెలియదు. కుంపటి, ఊదుగొట్టం, తీగ లాగే కమ్మచ్చు పట్టుకుని ఇంటికే వచ్చి, అరుగు మీద కూర్చుని, ఇంట్లోవాళ్ల కళ్ల ముందే తాడు చేసి ఇచ్చాడని మాత్రం తన తల్లి చెప్పగా విన్నదట.

కళాకారిణి నన్ను తొందరపెట్టలేదు. తాడును మరమ్మతు చేయించి అలాగే ఉంచుకోవచ్చనీ, తనకు ఆ పని పోయినా ఫరవాలేదనీ చెప్పి, రెండు వారాలు ఆలోచించుకోమన్నారు. నేను ఆలోచించాను. మూడు చోట్ల తెగింది, అయిదు చోట్ల పాత అతుకులున్నాయి, ఉంగరాలు అరిగి తీగ సగానికి సన్నబడింది. మరమ్మతు చేసినా మెడలో వేసుకునే ధైర్యం నాకు ఉండదు. అందుకని పళ్లగుర్తులున్న ముక్కను, అంటే నాలుగు సెంటీమీటర్ల పొడవును, కరిగించకుండా కంకణానికి భద్రత గొలుసుగా పెట్టమని అడిగాను. చేతి నగకు కొక్కెం అనుకోకుండా ఊడినా నగ జారిపోకుండా పట్టి ఉంచే చిన్న గొలుసు అది. ఆవిడ ఒప్పుకున్నారు. అయినా ఆ నిర్ణయం నాకు తేలికగా రాలేదు, ఆ రెండు వారాల్లో నాలుగు రాత్రులు సరిగా నిద్రపోలేదు.

ఫిబ్రవరి 3న అంచనా కాగితం, రంగు పెన్సిళ్లతో వేసిన మూడు చిత్రాలు వచ్చాయి. పనికి 6,800 డాలర్లు, పన్ను అదనం. సగం అడ్వాన్సు, మిగిలిన సగం నగ అందుకునే రోజున. బంగారం నాది. మన ఊళ్లో తరుగు ఇంత శాతం, మజూరీ ఇంత శాతం అని బంగారం ధర మీద కట్టే లెక్కకు అలవాటుపడిన మా ఇంట్లో ఈ కాగితం పెద్ద కలకలం రేపింది. అప్పటికి బంగారం ఔన్సు (దాదాపు 31 గ్రాములు) ధర 2,800 డాలర్ల చుట్టుపక్కల ఉంది, మొత్తం కంకణంలో పట్టే మేలిమి బంగారం ఒక ఔన్సు కంటే కాస్త ఎక్కువ. అంటే బంగారం విలువకు రెండు రెట్ల పైగా పనికే ఇవ్వాలి. మా అత్తగారు ఫోన్లో, "బంగారం కంటే కూలి ఎక్కువ ఏమిటమ్మా, ఎవరైనా వింటే ఏమనుకుంటారు?" అన్నారు. ఆవిడ అడిగినదాంట్లో తప్పు లేదు. కానీ ఆ కాగితంలో గంటలు కూడా రాసి ఉన్నాయి: అల్లికకు 60 గంటలు, తీగ తీయడానికి, కొక్కానికి, నమూనాకు కలిపి ఇంకో 20 గంటలు. గంటకు 85 డాలర్లు. మా ఇంటి గొట్టాలు బాగుచేసిన ప్లంబరు అంతకంటే ఎక్కువే తీసుకున్నాడు. ఆ పోలికే నా చేత సంతకం పెట్టించింది. ఫిబ్రవరి 10న 3,400 డాలర్లు పంపాను.

ఫిబ్రవరి 22న తాడును కళాకారిణికి అప్పగించాను. ఆ రోజున ఆవిడ పాటించిన పద్ధతి అందరూ అడిగి మరీ పాటింపజేయవలసినది. నా ఎదుటే తూచారు, 41.2 గ్రాములు. కాటా అంకె కనిపించేలా తాడుతో సహా ఫోటో తీశారు. నాణ్యత చూసే ఎక్స్‌రే యంత్రం ఉన్న ఒక దుకాణానికి ఇద్దరం కలిసి వెళ్లాం. తాడు ఒంటి మీద 90.1 శాతం బంగారం చూపింది, అతుకుల దగ్గర 84కు పడిపోయింది. మూడు కాగితాల మీద ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. పళ్లగుర్తుల ముక్కను అక్కడే కత్తిరించి, 2.7 గ్రాములని తూచి, వేరే డబ్బీలో పెట్టి మూత మీద మా అమ్మ పేరు రాశారు.

అతుకుల గురించి ఆవిడ అడిగిన ప్రశ్న నేను ఊహించనిది. 1990ల్లో అమ్మమ్మ ఆ తాడును రెండుసార్లు బజారులో అతికించుకుందని చెప్పగానే, ఆ టంకంలో కాడ్మియం ఉండవచ్చా అని అడిగారు. మనవాళ్లు కేడీఎం అని పిలిచే అతుకు అదే. దాన్ని కరిగిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకు విషం. గాలి బయటికి లాగే గొట్టం కింద, ముఖానికి తొడుగు వేసుకుని తప్ప అలాంటి బంగారాన్ని తాను ముట్టుకోనన్నారు. పాత నగలు ఎవరి చేతికైనా ఇచ్చేటప్పుడు అతుకులు ఎప్పుడు, ఎక్కడ పడ్డాయో ముందే చెప్పడం మన బాధ్యత అని నాకు అప్పటిదాకా తెలియదు.

నేను పట్టుబట్టిన విషయం ఒకటుంది: అదే బంగారం కావాలి. మారు బంగారం వద్దు, అమ్మమ్మ ఒంటిని తాకినదే తీగగా మారాలి. ఆవిడ అనుమానంగానే ఒప్పుకుని, ముందుగా ఆరు గ్రాములు కరిగించి చూస్తానన్నారు. మార్చి 6న ఫోన్ వచ్చింది. మూసలో వెలిగారం వేసి కరిగించారు, కడ్డీ పోశారు, రోలర్ల మధ్య నలిపారు, కమ్మచ్చులో ఒక్కొక్క రంధ్రం దాటించుకుంటూ వచ్చారు. 0.8 మిల్లీమీటర్ల దగ్గర తీగ చిట్లింది. కాల్చి మెత్తబరచి మళ్లీ లాగితే మళ్లీ చిట్లింది. మాకు కావలసిన, అడ్డంగా అల్లే పేక తీగ 0.25 మిల్లీమీటర్లు. పాత టంకం ఆ బంగారంలో కలిసిపోయిందనీ, అతుకులు కోసి తీసేసినా కరిగి లోపలికి పాకినది పోదనీ, శుద్ధి చేయించక తప్పదనీ చెప్పారు. చిట్లిన తీగ ముక్క ఫోటో పంపారు. విరిగిన చోట అది మెరవకుండా ఇసుకలా గరుకుగా ఉంది.

శుద్ధి కర్మాగారానికి పంపితే అందరి బంగారంతో పాటు అదీ కరుగుతుంది. తిరిగి వచ్చేది అంతే బరువు మేలిమి బంగారం, అంతేగానీ అదే బంగారం కాదు. మార్చి 15న మళ్లీ వెళ్లి కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఆవిడ టీ పెట్టారు. ఆఖరికి నన్ను ఒప్పించింది చిన్న డబ్బీ. మూత తీసి, పళ్లగుర్తుల ముక్కను అరచేతిలో పెట్టుకుని చూస్తే, నాకు కావలసినది అప్పటికే భద్రంగా ఉందని అర్థమైంది. మిగతాది పంపించేయమన్నాను.

మార్చి 18న పరీక్ష తీగతో సహా 38.5 గ్రాములను రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. చాలామంది కొరియర్లు నగలకు పూర్తి బీమా ఇవ్వరు. అమెరికా తపాలాశాఖ రిజిస్టర్డ్ పోస్టు మాత్రం 50,000 డాలర్ల దాకా బీమా ఇస్తుంది, ప్రతి చేతి మార్పిడికీ సంతకం ఉంటుంది. కానీ నెమ్మది. మార్చి 31న గానీ చేరలేదు. పది పనిదినాల్లో లెక్క తేలుస్తామన్న ఆ కర్మాగారం నెల దాటినా లెక్క తేల్చలేదు. కళాకారిణి ఫోన్ చేస్తే వరుసలో ఉందన్నారు, నేను చేస్తే ఆ ఖాతా మీది కాదు, మీతో మాట్లాడలేమన్నారు. ఏప్రిల్ 22న బంగారం ఔన్సు 3,500 డాలర్లను తాకింది. సరిగ్గా ఆ వారమే, బంగారానికి బదులు నగదు తీసుకుంటే రెండు రోజుల్లో పంపుతామని అక్కడినుంచి సందేశం వచ్చింది. వద్దన్నాం. నగదు తీసుకుని ఉంటే, అదే బంగారాన్ని తీగ అమ్మేవాళ్ల దగ్గర అధిక ధరకు మళ్లీ కొనుక్కోవలసి వచ్చేది. లోహం రూపంలోనే తిరిగి కావాలని మొదటి కాగితంలోనే రాయించుకోవడం మాకు పనికొచ్చింది. ఆ వారాల్లో నా మనసు ఎంత కుదురు లేకుండా ఉందంటే, పనిలో ఉన్నా పోస్టు జాడ చూపే పేజీని రోజుకు నాలుగైదుసార్లు తెరిచేదాన్ని.

ఈ లోపల ఒక మంచి పని జరిగింది. ఏప్రిల్ 5న ఆవిడ రాగి తీగతో అల్లిన నమూనా కంకణం ఇచ్చి, పది రోజులు తీయకుండా పెట్టుకోమన్నారు. అల్లిన నగను తర్వాత పెంచడం గానీ తగ్గించడం గానీ దాదాపు కుదరదు, అందుకని కొలత ముందే తేలాలి. పొద్దున వదులుగా ఉండేది సాయంత్రానికి బిగిసేది. కీబోర్డు మీద చెయ్యి ఆనించినప్పుడు కొక్కెం ఒత్తుకునేది. మణికట్టు చుట్టూ ఆకుపచ్చ చార పడింది, సబ్బుతో పోయింది. పదో రోజుకు పొడవు 15.6 నుంచి 16 సెంటీమీటర్లకు పెంచాలనీ, కొక్కెం పక్కకు జరగాలనీ తేలింది. ఆ నాలుగు మిల్లీమీటర్లు ముందే తెలియకపోయి ఉంటే మొత్తం పని వృథా అయ్యేది.

మే 7న శుద్ధి బంగారం వచ్చింది. వాళ్లు కరిగించాక బరువు 38.1 గ్రాములే తేలింది. పోయిన 0.4 గ్రాము బంగారం కాదు, ఉంగరాల సందుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి. కళాకారిణి ఆ మాట చెప్పినప్పుడు, అది మట్టి కాదు, అమ్మమ్మ స్నానానికి ముందు రాసుకునే పసుపు, నలుగుపిండి, తలనూనె అని నేను చెప్పాను. మేలిమిగా తిరిగి వచ్చినది 34.1 గ్రాములు, చెల్లించిన రుసుము 210 డాలర్లు. ఇది చిన్న పలకగా వచ్చింది, అగ్గిపెట్టెలో సగం కూడా లేదు.

దానికి 3.1 గ్రాముల వెండి, రాగి కలిపి 22 క్యారెట్లుగా మార్చారు. 18 క్యారెట్లయితే గట్టిగా ఉంటుందని ఆవిడ సలహా. నాకు మన పసుపుఛాయే కావాలి. దగ్గరదగ్గరగా అల్లాక తీగలు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి గనుక అల్లికంతా 22 క్యారెట్లలో చేసి, కొక్కెంలో స్ప్రింగులా పనిచేసే నాలుకను మాత్రం తన నిల్వలోని 18 క్యారెట్ల బంగారంతో చేస్తానన్నారు. ఒక గ్రాములోపు బంగారానికి, దాని పనికి కలిపి 130 డాలర్లు.

జూన్ 14న తీగ తీయడం చూడటానికి పిలిచారు. కమ్మచ్చు చూడగానే అమ్మ చెప్పిన అరుగు గుర్తుకొచ్చింది. ఉక్కు పలక, దానిలో వరుసగా రంధ్రాలు, ఒక్కొక్కటి ముందుదానికంటే వెంట్రుకవాసి చిన్నది. తీగ కొసను ఆకురాయితో సన్నం చేసి, రంధ్రంలో దూర్చి, అటువైపు పటకారుతో పట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి ఒకే ఊపున లాగుతారు. మధ్యలో ఆగితే ఆ చోట గుర్తు పడుతుంది. మూడు నాలుగు రంధ్రాలకు ఒకసారి తీగ బిరుసెక్కుతుంది, అప్పుడు చుట్టగా చుట్టి మంట చూపి మెత్తబరచాలి. సన్నని తీగ కాబట్టి మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా కరిగి బొట్టవుతుంది. ఆవిడ గదిలో దీపాలన్నీ ఆర్పేశారు, చీకట్లో అయితేనే తీగ ఎరుపెక్కిన తొలి క్షణం కనిపిస్తుందట. ఆ ఎరుపు కనిపించగానే మంట తీసేశారు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఆ రోజు సాయంత్రానికి నిలువు పడుగుకు అరమిల్లీమీటరు తీగ, పేకకు పావు మిల్లీమీటరు తీగ వేరువేరు చుట్టలుగా తయారయ్యాయి. పేక తీగ మీటరు పొడవు ఒక గ్రాము కూడా తూగదు.

జూలై 2న అల్లిక మొదలైంది. 18 పడుగు తీగలు, 280 వరుసలు. జూలై 19న వెళ్లినప్పుడు ఒక వరుసను మొదటినుంచి చివరిదాకా చూశాను. రెండు పేక తీగల్లో ఒకటి పడుగు ముందునుంచి, ఒకటి వెనకనుంచి వస్తుంది. పడుగు దాటగానే రెండూ అర చుట్టు మెలితిరిగి చోట్లు మార్చుకుంటాయి. వేళ్లతోనే, పనిముట్టు లేదు. పటకారు వాడితే తీగ మీద గాటు పడుతుందట. ప్రతి మెలికకూ ఆవిడ గోటితో ఒకసారి నొక్కి, ముందు వరుసకు ఆనించేవారు. 18 పడుగులు దాటడానికి 13 నిమిషాలు పట్టింది. నన్ను రాగి తీగ మీద ప్రయత్నించమన్నారు. నేను అల్లిన రెండు వరుసల మధ్య సందు మిగిలింది, ఎంత నొక్కినా కలవలేదు. నెమ్మదిగా విప్పి, "బిగువు చేతిలో ఉండాలి, నొక్కడంలో కాదు" అని చెప్పారు. పేక తీగ అయిపోయినప్పుడు కొత్తదాన్ని పడుగు పక్కన దూర్చి, కొసలు వెనక వైపు మడిచి దాచేస్తారు. పూర్తయిన కంకణంలో అలాంటి అతుకులు ఎక్కడున్నాయో నేను ఇప్పటికీ కనిపెట్టలేకపోయాను. అల్లికలో ఎక్కడా టంకం లేదు.

ఆగస్టు 6న మళ్లీ ఆగింది. బొటనవేలి మొదట్లో నరం వాచిందనీ, వైద్యుడు మూడు వారాలు పని ఆపమన్నాడనీ రాశారు. అప్పటికి 150 వరుసలు అయ్యాయి. నవరాత్రులకు పెట్టుకుందామనుకున్న నాకు కొంచెం నిరాశ కలిగిన మాట నిజం. కానీ రోజుకు రెండున్నర గంటలకు మించి ఎందుకు అల్లరో జూలైలో ఆ వేళ్లను చూశాక నాకు తెలుసు, చూపుడువేలి కొనన తీగ కోసిన గీతలు ఎండి ఉండేవి. తొందరేమీ లేదని రాసి, కాపడానికి ఆవాల సంచి ఒకటి కుట్టి పంపాను. సెప్టెంబరు 1న మళ్లీ మొదలుపెట్టారు, 27న కొక్కెం లేకుండా చేతికి పెట్టి చూశాం, సరిపోయింది. కొలతకు వాడిన రాగి నమూనాను తనే ఉంచుకుంటానని అడిగారు, సంతోషంగా ఇచ్చాను.

అక్టోబరు 18న తెచ్చుకున్నాను. ఆ రోజు ధనత్రయోదశి అయింది, మేం కుదుర్చుకున్నది కాదు. అప్పటికి ఔన్సు 4,000 డాలర్లు దాటిపోయింది, ఫిబ్రవరిలో బంగారానికి రెండు రెట్ల పైన కనిపించిన కూలి ఆ రోజుకు ఒకటిన్నర రెట్లే. ఆవిడ మాత్రం ఒప్పుకున్న ధరలో ఒక్క డాలరు పెంచలేదు. నా బంగారంలో 33.4 గ్రాములు కంకణంలో పట్టింది, 3.4 గ్రాముల తీగ ముక్కలు చిన్న సీసాలో తిరిగి ఇచ్చారు, 0.4 గ్రాము పనిలో పోయింది. ఆ లెక్క కూడా కాగితం మీద ఉంది. పది శాతం పైచిలుకు పన్ను, శుద్ధి రుసుము, పోస్టు, ఆ తర్వాత బీమా కోసం చేయించిన 175 డాలర్ల విలువ పత్రం అన్నీ కలిపి మొత్తం 8,125 డాలర్లు, అంటే ఏడు లక్షల రూపాయల పైన ఖర్చయింది. మా ఇంటి బీమా నగల దొంగతనానికి 1,500 డాలర్ల వరకే ఇస్తుంది, అందుకని దీన్ని వేరుగా చేర్పించవలసి వచ్చింది.

పెట్టుకోవడంలోనూ కొన్ని జాగ్రత్తలున్నాయి. జరీ అంచు చీర కడితే ఆ పోగులు కంకణం అంచుకు తగులుకుంటాయి, అందుకని చీర కట్టుకున్నాకే కంకణం పెట్టుకుంటాను. గోరువెచ్చని సబ్బునీళ్లు, పసిపిల్లల బ్రష్షు తప్ప మరేమీ వాడవద్దన్నారు. కుంకుడుకాయ రసం వాడవచ్చా అని అడిగాను. అదేమిటో వివరించాక, గట్టిగా రుద్దనంతవరకు ఫరవాలేదన్నారు.

ఆ రాత్రి, తెనాలిలో తెల్లవారాక, వీడియోలో అమ్మకు చూపించాను. అమ్మ కళ్లజోడు తెచ్చుకుంది. అల్లికను చూసి, "పట్టుబట్టలా ఉందే" అంది. ఎంతయిందని అడిగింది, చెప్పాను, కాసేపు మాట్లాడలేదు. తర్వాత మణికట్టు తిప్పమంది. లోపలివైపు నాడి మీద ఆ నాలుగు సెంటీమీటర్ల తాడు వేలాడుతోంది, కంకణం కంటే ఒక ఛాయ ఎర్రగా, నొక్కుకుపోయిన ఉంగరాలతో. ఇంకా దగ్గరకు పెట్టమంది. ఫోను కెమెరాకు ఆనించేంత దగ్గరగా పెట్టాను. "అదేనే. అదే నేను కొరికింది" అంది అమ్మ, వంటింట్లో ఉన్న నాన్నను కేకేసి పిలుస్తూ.